18 వేల పౌండ్లు లాగే ట్రక్, మా ట్రైలర్ బరువు మోయలేకపోయింది

నమస్తే అండి. నా వెనక ఉన్నది మా పికప్. త్రీ క్వార్టర్ టన్ తరగతి, డీజిల్, నాలుగు డోర్లు, ఫోర్ బై ఫోర్. దీనికి తగిలించి ఉన్నది మా ఫిఫ్త్ వీల్ ట్రైలర్, అంటే ముందు భాగం ట్రక్ తొట్టి మీద కూర్చునే రకం. టెక్సస్‌లో ఆరు నెలలు తిప్పాక ఈ రివ్యూ చేస్తున్నా. ఇంజిన్‌కి వంక పెట్టలేను. ఎక్కుడులో ట్రైలర్ ఉందన్న సంగతే మర్చిపోతాం. దిగుడులో, ఇంజిన్‌తోనే బండిని నెమ్మది చేసే ఎగ్జాస్ట్ బ్రేక్ వేస్తే కాలు బ్రేక్ మీదకి పోనక్కర్లేదు. నా గొడవంతా వేరే.

కొనేటప్పుడు సేల్స్‌మన్ ఒకటే మాట చెప్పాడు, "18 వేల పౌండ్లు లాగుతుంది" అని. మా ట్రైలర్ నిండా సర్దినా పది వేలు దాటి కొంచెం. ఇంకేం కావాలి అనుకున్నా. లాగడం వేరు, మోయడం వేరు అని అప్పుడు తట్టలేదు.

ఎడ్లబండి చూసినవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. బస్తాలన్నీ ముందుకు వేస్తే బరువు కాడి మీద పడి ఎడ్ల మెడలు నొక్కేస్తుంది కదా. ఇక్కడ కాడి ఈ హిచ్, అంటే ట్రైలర్‌ని తగిలించే ఇనుప అమరిక. ట్రక్ తొట్టిలో, వెనక యాక్సిల్‌కి ఇంచుమించు పైనే ఉంటుంది. ట్రైలర్ మొత్తం బరువులో సుమారు అయిదో వంతు దీని మీద కూర్చుంటుంది. దాన్నే పిన్ వెయిట్ అంటారు.

ఇప్పుడు ఇటు రండి. డ్రైవర్ డోర్ తెరిస్తే, ఈ స్తంభం మీద పసుపు గీతతో స్టిక్కర్. మనుషులు, సామాను కలిపి 2,210 పౌండ్లు మించకూడదట. ఇదీ మన అసలు అంకె. అదే మోడల్‌లో సన్‌రూఫ్ లాంటివి ఎక్కువున్న బండికి ఇంకా తక్కువే ఉంటుంది, కాబట్టి బ్రోచర్ చూసి మురిసిపోకండి.

ఇందులోంచి మా నలుగురి బరువు 450 తీసేయండి. హిచ్ ఇనుము 150. టూల్ బాక్స్, చిల్లరమల్లర 100. మిగిలింది 1,510. ట్రైలర్ బ్రోచర్‌లో పిన్ వెయిట్ 1,480 అని ఉంది. సరిపోయిందనే అనుకున్నా! కానీ అది ఖాళీ ట్రైలర్ లెక్క. నీళ్లు లేవు, బట్టలు లేవు. మా ఆవిడ సర్దిన వెట్ గ్రైండర్ లేదు, రెండు సోనా మసూరి బస్తాలు లేవు. నీళ్లే గ్యాలన్‌కి 8 పౌండ్ల పైన. మా ట్రైలర్‌లో సామాను పెట్టుకునే అర ఉండేది కూడా ముందువైపే, అంటే సరిగ్గా కాడి మీదే.

అనుమానం తీరక ఐ-35 హైవే మీద ఒక ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్, అంటే బండ్లు తూచే కాటా ఎక్కించా. ట్రైలర్ తగిలించి ఒకసారి, విప్పి ట్రక్ ఒక్కటే ఇంకోసారి. రెండుసార్లూ మేం నలుగురం లోపలే. ఇవిగో చీటీలు. మొదటి దాంట్లో ట్రక్ ముందు, వెనక యాక్సిళ్లు కలిపి 10,510. రెండో దాంట్లో 8,490. తేడా 2,020, అదే మా పిన్ వెయిట్. ట్రక్, దాని మీది భారం కలిపి ఉండొచ్చని రాసిన గరిష్ఠ బరువు 10,000. అంటే 510 పౌండ్లు ఎక్కువ మోస్తూ తిరుగుతున్నాం, పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని!

వెనక స్ప్రింగులకి దన్నుగా గాలి నింపే ఎయిర్ బ్యాగులు వేయించమని ఇద్దరు ముగ్గురు చెప్పారు. వాటితో కుంగిన వెనక భాగం పైకి లేస్తుంది, చూడ్డానికి బాగుంటుంది. స్టిక్కర్ మీది అంకె మాత్రం మారదు. వెనక యాక్సిల్ లిమిట్ దాటలేదుగా అని ఇంకొకాయన. నిజమే, దాటలేదు. అయినా 10,000 అని రాసింది ఊరికే కాదుగా.

మా ట్రైలర్ గరిష్ఠ బరువు 10,500. పిన్ వెయిట్ 23 శాతం వేసుకున్నా 2,415. దానికి మనుషులు, హిచ్, టూల్ బాక్స్ వగైరా 700 కలిపితే 3,115. కాబట్టి స్టిక్కర్ మీద 3,500 ఉన్న, దీనికి పై తరగతి వన్ టన్ ట్రక్ వెతుకుతున్నా. వెనక నాలుగు చక్రాల డ్యూయలీ మాకు అక్కర్లేదు, మా డ్రైవ్‌వేలో పట్టదు కూడా. ఈ శనివారం రెండు బండ్లు చూడ్డానికి వెళ్తున్నాం. సేల్స్‌మన్ బానెట్ ఎత్తేలోపు నేను డ్రైవర్ డోర్ తెరిచి ఉంటా.