పెచ్చులూడకముందే: సముద్రం దగ్గర కాంక్రీటులో కలిపే కెమికల్స్

మేస్త్రీలకు, సైటు ఇంజినీర్లకు, ఇల్లు మొదలుపెట్టబోతున్నవారికి నమస్కారం.

నా చేతిలో ఉన్న ఈ ముక్క భీమిలిలో మా ఇంటి పోర్టికో కప్పుది. ఒకరోజు పొద్దున్నే మా అమ్మ ముగ్గు వేసి లోపలికి వచ్చింది. కాసేపటికే ఇది ఆ ముగ్గు మీద పడింది. వెనక్కి తిప్పి చూడండి, చువ్వ పడుకున్న గాడి తెలుస్తోంది. గాడి నిండా ఎర్రటి తుప్పు, ఉల్లిపొరల్లా లేస్తోంది. స్కేలు పెట్టి కొలిచాను. చువ్వ కింద కాంక్రీటు 12 మిల్లీమీటర్లే. కలిపింది ఉప్పగా ఉన్న బోరు నీళ్లతో. ఆ పని దగ్గరుండి చూసుకున్నది కొత్తగా ఇంజినీరైన నేనే. ఆ పూట అమ్మ ఇంకో నిమిషం అక్కడే ఉండి ఉంటే? ఆ ఆలోచన నన్ను ఇప్పటికీ వదల్లేదు.

మంచి కాంక్రీటులో క్షారగుణం ఎక్కువ, పీహెచ్ 12.5 దాటి ఉంటుంది. అందులో ఉన్నంతకాలం ఇనుము మీద కంటికి కనపడని పలుచని పొర ఏర్పడి కాపాడుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ మెల్లగా లోపలికి దిగితే ఆ క్షారం తగ్గిపోయి పొర పోతుంది. ఉప్పులోని క్లోరైడ్ ఇంకా ప్రమాదం, క్షారం ఉండగానే పొరకు చిల్లులు పెడుతుంది. తుప్పుకు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు చోటు కావాలి. అందుకే లోపల్నుంచి నెట్టి పెచ్చులు ఊడగొడుతుంది.

తుప్పును ఆపడానికి ఎక్కువగా వాడే అడ్మిక్చర్, అంటే కాంక్రీటులో కలిపే కెమికల్, కాల్షియం నైట్రైట్. ఇనుము కరగడం మొదలైన చోట ఇది దాన్ని ఆక్సీకరించి, చిల్లు పడిన పొరను మళ్లీ పూడుస్తుంది. అంటే క్లోరైడుకీ దీనికీ పోటీ. ఉప్పు ఎంత చేరుతుందో దాన్నిబట్టి మోతాదు పెట్టాలి. సుమారు 30 శాతం ద్రావణంగా వస్తుంది, ఘనపు మీటరుకు 10 నుంచి 30 లీటర్ల దాకా వేస్తారు. ఖర్చు చూసి సగం పోసి సరిపెట్టకండి. మోతాదు చాలకపోతే పొర అక్కడక్కడే నిలబడి, మిగిలిన చోట తుప్పు గుంటలుగా లోతుకు తినేస్తుంది.

ఇప్పుడు సైటులో ఎక్కువగా జరిగే తప్పు. కిలో సిమెంటుకు 0.45 లీటరు నీళ్లు అనుకుంటే, 360 కిలోల సిమెంటుకు నీళ్లు 162 లీటర్లు. 20 లీటర్ల నైట్రైట్ ద్రావణంలోనే దాదాపు 17 లీటర్ల నీళ్లుంటాయి. వాటిని తీసేసి 145 పోయాలి. తీయకపోతే 0.45 కాస్తా 0.50 దగ్గరకు పోతుంది. కాంక్రీటులో సన్నని రంధ్రాలు పెరిగి, ఏ ఉప్పును ఆపాలనుకున్నామో దానికే దారి ఇచ్చినట్టవుతుంది. తడి ఇసుకలోని నీళ్లూ లెక్కే. ఇంకో విషయం, నైట్రైట్‌తో కాంక్రీటు త్వరగా బిగుస్తుంది. మన ఎండల్లో రిటార్డర్, అంటే బిగుసుకోవడాన్ని ఆలస్యం చేసే కెమికల్, తోడు కావాల్సి రావచ్చు, ముందు ట్రయల్ మిక్స్ చేసి చూసుకోండి.

గట్టిగా ఉంది, వైబ్రేటర్ దిగట్లేదు అంటే నీళ్ల పైపు తిప్పొద్దు, నీళ్లు పెంచకుండానే కాంక్రీటును జారుగా చేసే సూపర్ ప్లాస్టిసైజర్ వాడండి. ఒకప్పుడు త్వరగా గట్టిపడాలని కాల్షియం క్లోరైడ్ కలిపేవారు. చువ్వలున్న కాంక్రీటులో అది వద్దే వద్దు. కలిపే నీళ్లలోనూ క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశపు కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 చెబుతోంది. టెస్టు చేయించండి.

నన్నడిగితే తీరంలో మొదటి ఖర్చు స్లాగ్ సిమెంటుకే పెడతాను. స్టీల్ ప్లాంట్‌లో ఇనుము తీశాక మిగిలే స్లాగ్‌తో తయారయ్యే ఆ సిమెంటు, బొగ్గు బూడిద కలిసిన ఫ్లైయాష్ సిమెంటు కూడా, ఉప్పు దిగే దారులనే సన్నం చేస్తాయి. కాకపోతే క్యూరింగ్, అంటే తడిపి ఉంచడం, కనీసం పది రోజులు. సముద్రపు గాలికి ఎదురుగా ఉన్న భాగాలకు కవర్, అంటే చువ్వను కప్పే కాంక్రీటు మందం, 45 మిల్లీమీటర్లు. కంకర రాయి పెట్టి చువ్వ ఎత్తడం మానేసి కవర్ బ్లాకులు కట్టండి. ఇవన్నీ చేశాకే నైట్రైట్.

ఇప్పుడు ఈ ముక్కను మీ ముందే విరగ్గొట్టి, క్షారం తగిలితే గులాబీ రంగుకు మారే ఫినాఫ్తలీన్ చుక్కలు వేస్తాను. గులాబీ రంగు వచ్చినంత మేర క్షారం మిగిలి ఉన్నట్టు. ఉప్పు సంగతి ఇది చెప్పదు, దానికి ల్యాబ్ కావాలి. ముందు వరుసలోకి రండి, రంగు ఎక్కడ ఆగిందో స్కేలుతో మీరే కొలవండి.