ఆన్‌లైన్‌లో నవల చర్చ: "చాలా బాగుంది" దగ్గర ఆగిపోకుండా

[తెరపై: గ్రూపులో వరుసగా మెసేజ్‌లు. "చాలా బాగుంది", "సూపర్", దండం పెట్టే బొమ్మలు]

పుస్తక చర్చకు గ్రూపు పెట్టారు, నవల ఎంచుకున్నారు, నెల గడిచింది. చివరికి వచ్చిన అభిప్రాయాలు ఇవీ. చదివినవాళ్ల దగ్గర చెప్పాల్సింది చాలా ఉంటుంది. దాన్ని బయటికి రప్పించే ప్రశ్న ఎవరూ వేయలేదు, అంతే. ఆ ప్రశ్న ఎలా తయారు చేసుకోవాలో, చర్చ ఎక్కడ పట్టాలు తప్పుతుందో ఈ వీడియోలో చూద్దాం.

ఉదాహరణకు డాక్టర్ పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు' తీసుకుందాం. 1957-58లో 'తెలుగు స్వతంత్ర' వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన నవల. కొత్త గ్రూపుకు ఇది చక్కగా సరిపోతుంది. ముఖ్యమైన పాత్రలు నాలుగైదే, భాష అడ్డుపడదు. పైగా ముఖ్య పాత్ర ఇందిర గురించి ఏ ఇద్దరు పాఠకులూ ఒకే మాట అనరు.

[తెరపై: నాలుగు వారాల క్యాలెండర్]

ముందు చదివే ప్రణాళిక. నాలుగు వారాలు పెట్టుకోండి. "ఈ వారం 60వ పేజీ దాకా" అని మాత్రం చెప్పొద్దు. ఒకరి దగ్గర పాత ముద్రణ, ఇంకొకరి దగ్గర కొత్తది, మరొకరు ఫోన్‌లో చదువుతుంటారు. ఎవరి పేజీ నంబరు వాళ్లదే. అధ్యాయాల లెక్కన నాలుగు భాగాలు చేయండి. సీరియల్‌గా వచ్చిన నవలల్లో ఇంకో చిక్కు కూడా ఉంది. వచ్చే వారం పత్రిక కోసం ఎదురుచూసేలా ఆపడం వాటి పద్ధతి కాబట్టి, సగం మంది ఆగలేక ముందుకు చదివేస్తారు. చదవనివ్వండి. రాసేటప్పుడు మాత్రం మొదటి వరుసలో "ఎనిమిదో అధ్యాయం దాకా" అని పెట్టమనండి. ఫోన్ తెరమీద నోటిఫికేషన్‌గా కనబడేది ఆ మొదటి వరుసే. అక్కడే కథ చెప్పేస్తే, గ్రూపు తెరవని వాళ్లకు కూడా ముగింపు తెలిసిపోతుంది.

పుస్తకం దొరకలేదని ఎవరో ఒకరు పీడీఎఫ్ పంపిస్తారు. మన కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత చనిపోయిన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్లు హక్కులు ఉంటాయి. శ్రీదేవి 1961లో పోయారు కాబట్టి ఈ నవల మూలపాఠానికి ఆ గడువు 2021తో ముగిసింది. అయినా కొత్త ముద్రణలోని ముందుమాట, ముఖచిత్రం వేరేవాళ్లవి. బతికున్న రచయిత పుస్తకాన్ని స్కాన్ చేసి పంచితే ఆ రచయితకు దక్కాల్సింది మనమే లాక్కున్నట్టు. గ్రూపు నియమాల్లో ఈ మాట మొదటి రోజే రాసి పెట్టండి.

[తెరపై: రెండు ప్రశ్నలు పక్కపక్కన]

ఇక అసలు సంగతి, ప్రశ్న. "ఇందిర మంచిదా, చెడ్డదా?" అని అడిగారనుకోండి. పది నిమిషాల్లో గ్రూపు రెండుగా చీలి, నవల వదిలేసి ఆడవాళ్లు ఎలా ఉండాలన్న దగ్గరికి వెళ్లిపోతుంది. అదే ప్రశ్నను ఇలా అడగండి: "ఇందిర ఉద్యోగం చేసి ఇల్లు నడుపుతోంది. తండ్రితో ఆమె డబ్బు గురించి మాట్లాడే ఒక సన్నివేశం ఎంచుకోండి. అక్కడ మీకు ఆమె మీద జాలి కలిగిందా, కోపం వచ్చిందా? ఏ మాట దగ్గర?" ఇప్పుడు జవాబు చెప్పాలంటే పుస్తకం తెరవాల్సిందే. ఇద్దరికి వేర్వేరుగా అనిపించినా ఇద్దరి వేలూ ఒకే పేజీ మీద ఉంటుంది.

ఇదే నవలలోని ప్రకాశం గురించి కూడా అంతే. "పిరికివాడు" అనడం తేలిక, అందరూ అనేస్తారు. "అతను తనంతట తాను ఒక్క నిర్ణయమైనా తీసుకున్న చోటు ఉందా? వెతకండి" అని అడిగితే వారమంతా గ్రూపు మేలుకునే ఉంటుంది. వారానికి ఇలాంటివి రెండు చాలు. ఐదు పెడితే అందరూ సులభమైనదానికి మాత్రమే జవాబు రాస్తారు.

తెలుగులో టైపు చేయడం రాని పెద్దవాళ్లు ఉంటారు. వాళ్ల కోసం వాయిస్ మెసేజ్‌కు 90 సెకన్లు హద్దు పెట్టండి. ఐదు నిమిషాలది వినేవాళ్లు తక్కువ. కింద ఒక్క వరుసలో అధ్యాయం నంబరు రాయమనండి.

[తెరపై: గడియారం, రాత్రి 8]

నెలాఖరు ఆదివారం కలిసి మాట్లాడుకుంటారు. మనకు రాత్రి 8 అంటే వేసవిలో లండన్‌లో మధ్యాహ్నం మూడున్నర, న్యూయార్క్‌లో ఉదయం పదిన్నర. చలికాలంలో అక్కడ గడియారాన్ని గంట వెనక్కి జరుపుతారు, మనం జరపం. నవంబరు మీటింగుకు సగం మంది గంట తేడాతో రావడానికి కారణం ఇదే. ఆహ్వానంలో మూడు ఊళ్ల సమయాలూ రాయండి.

జూమ్ ఉచిత ఖాతాలో మీటింగు 40 నిమిషాలకు తెగిపోతుంది. ఎనిమిది మందికి అది సరిపోతుంది. మొదటి 5 నిమిషాలు ఎవరో ఒకరు నవలలోంచి ఒక పేజీ పైకి చదవాలి. దీన్ని వదలొద్దు. నెల కిందట చదివినవాళ్లకు పాత్రల గొంతు మళ్లీ చెవిన పడేది అప్పుడే. తర్వాత తలా నిమిషంన్నర, మొత్తం 12 నిమిషాలు. రెండు ప్రశ్నల మీద 20. మిగిలిన మూడూ వచ్చే నెల పుస్తకానికి.

తలా నిమిషంన్నర మాట్లాడే దగ్గర వరుస ముఖ్యం. పేరున్న రచయితో, వయసులో పెద్దవారో మొదట మాట్లాడితే తర్వాతివాళ్లంతా "గురువుగారు చెప్పినట్టే" అని ముగిస్తారు. కొత్తగా చేరినవాళ్లతో మొదలుపెట్టండి. చర్చ నడిపేవాళ్లు చివర మాట్లాడాలి.

చర్చ పక్కకు పోయే దారులు ముఖ్యంగా మూడు. ఒకటి సినిమా. ఈ నవల ఆధారంగా 1963లో 'చదువుకున్న అమ్మాయిలు' వచ్చింది. చాలామంది నవల పాత్రల గురించి చెబుతున్నామనుకుంటూ తెరమీద చూసినవాళ్ల గురించి చెబుతారు. "ఇది నవలలో ఏ అధ్యాయంలో ఉందండీ?" అని మర్యాదగా అడిగితే తేలిపోతుంది. రెండోది రచయిత జీవితం. దాన్ని చివరికి ఉంచండి, లేకపోతే కథలో జరిగిందంతా ఆమెకే జరిగిందని తేల్చేస్తారు.

మూడోది అన్నిటికన్నా కష్టం. ఎవరో "ఇది స్త్రీవాద నవలే కాదు" అంటారు, ఇంకొకరు "అభ్యుదయం ఎక్కడుంది?" అంటారు. ఆ క్షణం నుంచి నవల ఎవరికీ అక్కర్లేదు, ఎవరి జెండా వాళ్లది. ఆ మాట అన్నవాళ్లను ఆపకండి, దాని వెనక ఏదో గమనింపు ఉంటుంది. "మీకు అలా అనిపించిన సన్నివేశం చెప్పండి" అనండి. చెబితే చర్చ బాగుపడుతుంది. చెప్పలేకపోతే "వెతికి గ్రూపులో పెట్టండి, రేపు మాట్లాడుకుందాం" అని తర్వాతి వారికి అవకాశం ఇవ్వండి.

[తెరపై: పది వరుసల నోట్]

మర్నాడు ఒకరు పది వరుసల నోట్ పెట్టాలి. ఎక్కడ ఏకీభవించారో కాదు, ఏ విషయం తేలకుండా మిగిలిందో, ఏ అధ్యాయం దగ్గరో రాయాలి. దాని కిందే వచ్చే నెలకు మూడు నవలల ఓటు పెట్టండి. మూడూ అచ్చులో దొరుకుతున్నాయో లేదో, విదేశాల్లో ఉన్నవాళ్లకు ఈ-బుక్ ఉందో లేదో ముందే కనుక్కోండి. ఓటు బుధవారానికి ముగించండి. పుస్తకం పోస్టులో చేరడానికి వారమైనా పడుతుంది.