పాలగుండ జావ: అసలు పిండి ఏది, ఎలా కాచాలి, ఎవరికి మంచిది?

నమస్కారం. విజయవాడ వన్ టౌన్‌లోనో, గుంటూరు పట్నంబజారులోనో మూలికల కొట్టుకెళ్లి పాలగుండ అడిగితే తెల్లటి పిండి పొట్లం కట్టిస్తారు. సూపర్ మార్కెట్‌లో అయితే ఆరోరూట్ పౌడర్ అని ప్యాకెట్ ఉంటుంది. లోపల ఏముందన్నదే అసలు గొడవ.

ఈ పేరుతో వచ్చే పిండి ప్రధానంగా రెండు మొక్కలది. ఒకటి వెస్టిండీస్‌లో బాగా సాగైన మరాంటా అనే దుంప మొక్క. రెండోది మన అడవుల్లో పెరిగే పసుపు జాతి మొక్క, బస్తర్ వైపు తీఖూర్ అంటారు. దుంపని తురిమి, నీళ్లలో పిసికి, గుడ్డలో వడకట్టి, అడుగున పేరుకున్న పిండిని ఎండబెడతారు. తీఖూర్ దుంపకి చేదుంటుంది కాబట్టి నీళ్లు మారుస్తూ పదే పదే కడగాలి. ఇంత చాకిరీ ఉన్న పిండి మరీ చౌకగా దొరికిందంటే అది కర్రపెండలం పిండో, కార్న్‌ఫ్లోరో అయ్యుండొచ్చు.

చుక్క అయోడిన్ వేసి, నీలం రంగు వస్తే అసలుదని చూపించే వీడియోలు నమ్మకండి. స్టార్చ్ ఏదైనా నీలమే వస్తుంది. కొంచెం పిండి ఉడికించి చల్లార్చి చూడండి. కార్న్‌ఫ్లోర్ తెల్లగా, మసకగా గడ్డకడుతుంది, పాలగుండ తేటగా ఉంటుంది. కానీ కర్రపెండలం కూడా తేటగానే ఉంటుంది, కాస్త తీగ సాగుతుందంతే. ఆ రెండింటికీ తేడా వంటింట్లో తేల్చలేం. ప్యాకెట్ వెనక పదార్థాల వరస చదివి కొనడమే దారి.

ఇక జావ. ఒక మనిషికి 200 మిల్లీలీటర్ల నీళ్లు, రెండు టీస్పూన్ల పిండి. పిండిని పావు గ్లాసు చన్నీళ్లలో కలిపి పక్కన పెట్టండి. మిగతా నీళ్లు మరిగాక మంట తగ్గించండి. పిండి అడుగుకి దిగిపోతుంది కాబట్టి పోసేముందు మళ్లీ కలపండి. సన్నగా పోస్తూ తిప్పుతుంటే నిమిషంలోపే తెలుపు పోయి అద్దంలా అవుతుంది. అంతే, దించేయండి.

పొడిపిండి నేరుగా వేడినీళ్లలో వేశారా, ఉండలే. పైపొర వెంటనే ఉడికిపోయి లోపలికి నీరు పోనివ్వదు. చిక్కబడ్డ జావ మళ్లీ పల్చబడిందంటే ఎక్కువసేపు మరిగించారని అర్థం. ఉబ్బిన పిండి రేణువులు పగిలిపోతాయి. అప్పుడు ఇంకో చెంచా పిండి వేసి లాభం లేదు, కొత్తగా కాచుకోండి. పాలల్లోనే ఉడికిస్తే జిగటగా, జారుడుగా వస్తుంది. నీళ్లలో కాచి, దించాక పాలు కలుపుకోండి. మజ్జిగైతే జావ పూర్తిగా చల్లారాకే.

ఆరోగ్యం సంగతి. 100 గ్రాముల పిండిలో సుమారు 350 క్యాలరీలు, అందులో దాదాపు అంతా స్టార్చే. ప్రొటీన్ లేనట్టే. తేలిగ్గా అరుగుతుంది, గ్లూటెన్ ఉండదు, ఈ రెండే దాని గొప్ప. బలానికి తాగమని చెప్పేవాళ్ల మాట పట్టించుకోకండి. షుగర్ ఉన్నవాళ్లు దీన్ని అన్నం లెక్కలోనే వేసుకోవాలి. వేసవిలో చలవ చేస్తుందంటారు గానీ, ఆ మేలు చాలావరకు జావలోని నీళ్లది, అందులో వేసుకునే ఉప్పుది.

విరేచనాలకి మన పెద్దవాళ్లు ఇచ్చేది ఇదే. 2000లో ఇంగ్లండ్‌లో ఐబీఎస్ (తరచూ కడుపునొప్పి, విరేచనాలో మలబద్ధకమో తెచ్చే పేగుల సమస్య) ఉన్న 11 మందికి ఇచ్చి చూస్తే విరేచనాలు తగ్గాయి. మరీ చిన్న పరీక్ష అది, దాన్ని పట్టుకుని మందు అనేయలేం. ముందు ఓఆర్ఎస్, ఆ తర్వాతే జావ. రక్తం పడినా, మూత్రం తగ్గినా, బిడ్డ మగతగా ఉన్నా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. ఆరు నెలల్లోపు పిల్లలకి అసలు పెట్టకండి. మలబద్ధకం ఉన్నవాళ్లకీ వద్దు. తెల్లబట్టకి కూడా తాగుతుంటారు, వాసన, దురద ఉంటే మాత్రం డాక్టర్‌కి చూపించుకోవాలి.

వంటలో గ్రేవీ చిక్కబడటానికి కప్పుకి ఒక టేబుల్ స్పూన్ చాలు, చివర్లో వేయండి. నిమ్మ, చింతపండు పులుపు తగిలితే కార్న్‌ఫ్లోర్ పట్టు సడలుతుంది, ఇది మెరుగ్గా నిలబడుతుంది. కట్లెట్లకి పైన పల్చగా అద్దితే కరకరలాడతాయి. చెమటకాయలకి చల్లేవాళ్లు ఒళ్లు పూర్తిగా ఆరాక చల్లండి, తడి మీద ముద్దకడుతుంది. పిల్లల ముఖం దగ్గర మాత్రం దులపకండి, పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.