డెంగీ దోమ కాలువలో లేదు, మన డ్రమ్ము అంచున ఉంది

నమస్కారం అండీ. తిరుపతిలో అక్టోబరు వానలు మొదలైతే చాలు, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో రెండే ప్రశ్నలు. పొగ బండి ఎప్పుడొస్తుంది? కాలువ ఎప్పుడు తీస్తారు? ఇంట్లో ఒకరికి డెంగీ వచ్చినా అదే అడుగుతారు. నాకు బాధగా ఉంటుంది, అందుకే ఈ వీడియో.

కాలువ తీయించాల్సిందే, కాదనను. కానీ అందులో పెరిగేది క్యూలెక్స్ దోమ. రాత్రి చెవి దగ్గర రొద పెట్టేది, బోదకాలు మోసేది అదే. డెంగీ, చికున్‌గున్యా మోసేది ఏడిస్ ఈజిప్టై. నల్లటి ఒళ్లు, కాళ్ల మీద తెల్లటి చారలు. పగలే కుడుతుంది, పొద్దున్నే ఒకసారి, పొద్దు వాలే ముందు ఇంకోసారి ఎక్కువగా. దానికి కావాల్సింది మనం పట్టి పెట్టుకున్న మంచి నీళ్లు. కొళాయి రోజంతా రాదు కాబట్టి సంపు, డ్రమ్ము, తొట్టి లేని ఇల్లు మన దగ్గర తక్కువే కదా.

(డ్రమ్ము లోపలి అంచు దగ్గరగా చూపాలి)

ఇక్కడ చూడండి. ఏడిస్ గుడ్లు నీళ్ల మీద పెట్టదు. నీటి మట్టానికి కొంచెం పైన, తడిగా ఉన్న గోడకు అంటిస్తుంది. నల్లగా ఉంటాయి, ఒక్కోటి మిల్లీమీటరుకు మించదు.

దోసె పిండి గిన్నె గుర్తు తెచ్చుకోండి. పిండి అయిపోయాక కాసేపు వదిలేస్తే అంచు చుట్టూ గీతలా ఎండిపోతుంది. నీళ్లు పోసి, తిప్పి, పారబోస్తే అడుగున ఉన్నది పోతుంది. అంచున ఉన్నది పోదు, పీచుతో తోమాల్సిందే. ఏడిస్ గుడ్లూ అంతే. డ్రమ్ము బోర్లిస్తే నీళ్లలో మెలికలు తిరిగే దోమ పిల్ల పురుగులు పోతాయి, గుడ్లు గోడకే ఉంటాయి. ఎండినా నెలల తరబడి చావవు. మళ్లీ నీళ్లు అంచు దాకా వచ్చిన రోజు తడిసి పగులుతాయి. వేసవి అయ్యాక మిద్దె మీద పడేసిన కూలర్ తొట్టి తోమని పిండి గిన్నే. మొదటి వాన పడ్డాక అందులో దోమలు ఎక్కడినుంచి వచ్చాయని ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఇంకో పోలిక కూడా ఉంది. ఎండాకాలం పిండి తొందరగా పొంగుతుంది, వెచ్చగా ఉంటే దోమ కూడా తొందరగా తయారవుతుంది. మన వాతావరణంలో గుడ్డు పగిలి రెక్కల దోమ కావడానికి 7 నుంచి 10 రోజులు చాలు. 'ఫ్రైడే డ్రైడే', అంటే శుక్రవారం నిల్వ నీళ్లు పారబోసి ఆరబెట్టే రోజు, అని వారానికోసారి చెప్పేది అందుకే. శుక్రవారం ఎలాగూ ఇల్లు కడిగి గడపకు పసుపు రాస్తాం. అదే పనిలో పనిగా డ్రమ్ము అంచు తోమండి.

ఇక పొగ సంగతి. పొగ చంపేది ఎగిరే దోమను మాత్రమే. గుడ్లకు, నీళ్లలోని పురుగులకు ఏమీ కాదు. పైగా ఏడిస్ దాక్కునేది ఇంట్లోనే: మంచం కింద, కర్టెన్ వెనక, తగిలించిన బట్టల్లో. పొగ బండి చప్పుడు వినగానే మనం తలుపులు వేసేస్తాం! కేసులు వచ్చిన వీధిలో పొగ అవసరం ఉండొచ్చు. కానీ అసోసియేషన్ డబ్బుతో నెలనెలా పొగ పెట్టించే కంటే, బ్రష్షు పట్టుకుని ఇంటింటికీ తిరిగే ఒక మనిషిని పెట్టుకోవడం మేలని నా గట్టి అభిప్రాయం. ఏడిస్ పుట్టిన చోటు నుంచి చాలా దూరం పోదు, ఎక్కువగా కొన్ని వందల మీటర్ల లోపే తిరుగుతుంది. మీ ఒక్క ఇల్లు శుభ్రంగా ఉంటే చాలదు.

టైమ్ అయిపోతోంది, మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఫ్రిజ్ వెనక ట్రే, పూలకుండీ కింద ప్లేటు, పక్షులకు పెట్టిన నీళ్ల గిన్నె, టైర్లు, కొబ్బరి చిప్పలు: పారేయగలిగినవి పారేయండి, మిగతావి తోమండి. లిఫ్టు గుంతలో నీళ్లుంటే తోడించండి. సంపుకు, ట్యాంకుకు సందు లేని మూత ఉండాలి. ఖాళీ చేయలేని నీళ్లలో టెమీఫాస్ (దోమ పురుగులను చంపే మందు) కలపాలంటే మోతాదు ఆరోగ్య సిబ్బందిని అడగండి, ఉజ్జాయింపుగా పోయొద్దు. దోమ పురుగులను తింటాయని గంబూసియా చేపలను చెరువుల్లో వదలొద్దు, అక్కడి చిన్న చేపలను తినేస్తాయి. సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టానికి దోమతెర గుడ్డ కట్టండి, ఇది క్యూలెక్స్ కోసం.

తాళం వేసిన ఫ్లాట్లను మర్చిపోకండి. ఓనరు బెంగళూరులోనో చెన్నైలోనో ఉంటారు, ఇక్కడ కమోడ్‌లో, ఫ్లష్ ట్యాంకులో నీళ్లు నిలిచే ఉంటాయి. ఫోన్ చేసి తాళం తెప్పించండి.

చివరిగా జ్వరం. పారాసెటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వేసుకోవద్దు, రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది. డెంగీని గుర్తించే ఎన్ఎస్1 రక్త పరీక్ష జ్వరం వచ్చిన మొదటి ఐదు రోజుల్లోపు చేయించుకోండి. జ్వరం తగ్గిందని ఊరికే ఉండొద్దు, డెంగీ ముదిరేది ఎక్కువగా అప్పుడే. కడుపు నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.