సినిమా రీలు పోయింది, పాట ఎవరిదో మిగిలింది

నమస్కారం. మద్రాసులో మాడభూషి రంగదొరై అని ఒకాయన ఉండేవారు. ఈ పేరు చెబితే చాలామంది గుర్తుపట్టరు. రాండార్ గై అంటే మాత్రం, పాత తమిళ సినిమాల గురించి కాస్త చదివినవాళ్లెవరైనా "ఓ, ఆయనా!" అంటారు. సొంత పేరులోని అక్షరాలనే అటూ ఇటూ మార్చి ఆ కలం పేరు పెట్టుకున్నారు. 1937లో పుట్టి, లా చదివి, కొన్నాళ్లు లాయరుగా చేసి, 1976 నుంచి పూర్తిగా రాతనే నమ్ముకున్నారు. 2023 ఏప్రిల్‌లో, 85 ఏళ్ల వయసులో పోయారు.

'ది హిందూ'లో ఆయన 'బ్లాస్ట్ ఫ్రమ్ ది పాస్ట్' అనే శీర్షిక రాసేవారు. ఒక్కోసారి ఒక్కో పాత సినిమా. పైన నటీనటుల పేర్లు, తర్వాత కథ, తీసేటప్పుడు జరిగిన ముచ్చట్లు. చిట్టచివర 'రిమెంబర్డ్ ఫర్' అని ఒక్క వరుస. అంటే, ఈ సినిమా దేనికి గుర్తుండిపోయిందని. నేను ముందు ఆ వరుసే చదివేదాన్ని. చాలాసార్లు అక్కడ ఉండేది పాటలూ సంగీతమే.

ఆ ఒక్క వరుసకు అంత విలువ ఎందుకంటే, 1931లో వచ్చిన 'కాళిదాస్'నే చూడండి. తమిళంలో మొదటి టాకీ. తీసింది మన హెచ్.ఎం. రెడ్డి గారు. హీరోయిన్ టి.పి. రాజలక్ష్మి తమిళంలో మాట్లాడితే, హీరో తెలుగులో మాట్లాడాడు. అందులో త్యాగరాజ కీర్తనలు ఉన్నాయి, మదురై భాస్కరదాస్ రాసిన గాంధీ గారి రాట్నం పాట కూడా ఉంది. ఇప్పుడు ఆ సినిమా రీలు ఎక్కడా లేదు. ఇవన్నీ మనకు తెలుస్తున్నాయంటే, ఎవరో ఒకరు ఓపిగ్గా వెతికి కాగితం మీద పెట్టబట్టే.

1938లో ఏవీఎం చెట్టియార్ గారి 'నందకుమార్'లో ఒక నటికి లలితా వెంకట్రామన్ గొంతు అరువిచ్చారు. ఇలా తెర మీద ఒకరు కనిపిస్తే పాట మరొకరు పాడే ప్లేబ్యాక్ తమిళంలో అక్కడే మొదలైందంటారు. తెర మీద కనిపించిన ముఖం జనానికి గుర్తుంటుంది. గొంతు ఎవరిదో ఎవరూ రాసిపెట్టకపోతే? ఆలోచిస్తేనే నాకు గుండె పట్టేసినట్టు అవుతుంది.

మనకు ఈ గొడవ ఎందుకు అనుకోకండి. ఆ రోజుల్లో తెలుగు పాట పుట్టిందీ ఆ మద్రాసు స్టూడియోల్లోనే. 1955లో 'మిస్సమ్మ' తెలుగు, తమిళం రెండు భాషల్లో వచ్చింది, సాలూరి రాజేశ్వరరావు గారి బాణీలు రెండింటిలోనూ పలికాయి. ఎ.ఎం. రాజా, సుశీల అక్కడా పాడారు, ఇక్కడా పాడారు. తమిళ పాటల చరిత్ర రాసేవాళ్లు మన చరిత్ర కూడా సగం రాస్తున్నట్టే. రాండార్ గై అయితే బి.ఎన్. రెడ్డి గారి మీద ఏకంగా ఒక పుస్తకమే రాశారు.

రాండార్ గై రాతలో నాకు ఒక వెలితి కనిపిస్తుంది, అది కూడా చెప్పాలి. ఎక్కువగా జ్ఞాపకం మీద, మనుషులు చెప్పిన కబుర్ల మీద ఆధారపడేవారు. ఈ మాట ఎవరు చెప్పారు, ఏ కాగితంలో ఉంది అంటే చాలాచోట్ల జవాబు దొరకదు. అందుకే ఆయన్ని తమిళ సినిమా చరిత్రకారుడు థియోడర్ భాస్కరన్ గారి పరిశోధనతో, ఫిలిం న్యూస్ ఆనందన్ గారు కూడబెట్టిన వివరాలతో కలిపి చదవాలి. అయినా, ఆయన మాట్లాడిన మనుషుల్లో చాలామంది ఇప్పుడు లేరు. ఆ కబుర్లు మళ్లీ ఎవరు చెబుతారు?

ఇదిగో, కెమెరాకి దగ్గరగా పెడుతున్నాను. మా ఇంట్లో దొరికిన ఒక పాత సినిమా పాటల పుస్తకం. పిన్నులు తుప్పు పట్టి కాగితానికి మరక చేశాయి. లోపల నటీనటుల పేర్లు, కొంచెం కథ, సరిగ్గా ఉత్కంఠగా ఉన్నచోట 'శేషం వెండితెరపై చూడండి' అని ఆపేశారు. ఆ తర్వాత పాటలు. ఒక పేజీ అంచున ఎవరో పెన్సిలుతో ఒక గాయని పేరు రాసుకున్నారు. అచ్చులో ఆ పేరు లేదు.

మీ అటకల మీద ఇలాంటివి ఉంటే పాత పేపర్లవాడికి వేయకండి. ముందు ప్రతి పేజీ ఫోటో తీయండి, అట్ట వెనక వైపుతో సహా. పెన్సిలు రాతలు ఉంటే వాటిని ఇంకాస్త దగ్గరగా తీయండి.