లీటరు డబ్బా మొత్తం పోసేయకండి: ఇంట్లోనే బండి ఆయిల్ లెవెల్ చూసుకునే పద్ధతి

[దృశ్యం: శ్రీకాకుళంలో ఒక ఇంటి వాకిలి. సైడు స్టాండు మీద వంద సీసీ బండి.]

నమస్తే అండి. ఇది మా ఇంటి వాకిలి. వాన నీళ్లు వీధిలోకి పోవాలని ఇలా వాలుగా కట్టించారు. మొదట్లో నేను బండి ఇక్కడే పెట్టి ఆయిల్ చూసేవాణ్ని. గేజ్ మీద, అంటే ఆయిల్ మూతకుండే కొలత పుల్ల మీద, తక్కువ కనిపిస్తే ఇంకాస్త పోసేవాణ్ని. కొన్నాళ్లకి ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పితే లోపలంతా ఆయిలే! ఇంజిన్‌లో ఎప్పుడూ తక్కువ లేదు. నేల వాలు వల్ల అలా కనిపించిందంతే.

[గోలీ నేల మీద పెట్టగానే వీధి వైపు దొర్లిపోతుంది. వరండాలో పెడితే కదలదు.]

గోలీ ఆగిన చోటే బండి పెట్టండి. డబుల్ స్టాండ్ వేయండి. సైడు స్టాండు మీద బండి ఒరిగితే లోపలి ఆయిల్ కూడా ఒక పక్కకి చేరుతుంది. డబుల్ స్టాండ్ లేని బండైతే ఇంట్లో ఎవరినైనా నిటారుగా పట్టుకోమనండి.

ఇంజిన్ మూడు నుంచి ఐదు నిమిషాలు ఆడించి ఆపేయండి. ఇంకో రెండు మూడు నిమిషాలు ఆగండి. పైకెక్కిన ఆయిల్ కిందికి దిగాలి కదా.

[దగ్గరి షాట్: గేజ్ విప్పి, గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టడం.]

ఇక్కడ జాగ్రత్తగా చూడండి. నా బండికి గేజ్‌ని మర తిప్పకుండా ఊరికే ఆనించి తీయాలి. బిగించి తీస్తే అది మరింత లోతుకి మునుగుతుంది, ఆయిల్ తక్కువున్నా సరిపడా ఉన్నట్టే చూపిస్తుంది. కొన్ని బళ్లకి మాత్రం పూర్తిగా బిగించే చూడాలి. కొన్నిటికి గేజే ఉండదు, ఇంజిన్ పక్కన చిన్న గాజు కిటికీ ఉంటుంది. మీ బండిది ఏ పద్ధతో బండితో వచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది.

గేజ్ మీద రెండు గీతలున్నాయి చూశారా? ఆయిల్ తడి ఆ రెండిటి మధ్య ఉండాలి. పక్కింటి బాబాయ్ మొన్న అడిగాడు: "ఎక్కువ పోస్తే ఏటవుతాదిరా? ఇంజిన్‌కి మంచిదే కదా!" కాదు బాబాయ్. లోపల గిర్రున తిరిగే క్రాంక్ ఆ ఎక్కువైన ఆయిల్‌ని మజ్జిగ చిలికినట్టు చిలుకుతుంది. నురగ వస్తుంది. నురగలో సగం గాలే, అది ఇనుముకీ ఇనుముకీ మధ్య పొరలా నిలవదు. లోపల ఒత్తిడి పెరిగి ఆయిల్ ఎయిర్ ఫిల్టర్‌లోకి తన్నుకొస్తుంది, సీళ్ల దగ్గర కారుతుంది.

ఆయిల్ మార్చేటప్పుడు ఇంకో పొరపాటు జరుగుతుంది. పుస్తకంలో రెండు లెక్కలుంటాయి. ఒకటి మామూలుగా ఆయిల్ మార్చినప్పుడు పోయాల్సింది, రెండోది ఇంజిన్ మొత్తం విప్పి బిగించినప్పుడు పోయాల్సింది. రెండోది ఎక్కువ, ఎందుకంటే ఆయిల్ కిందికి వదిలే డ్రెయిన్ బోల్టు విప్పినా పాత ఆయిల్ కొంత లోపలే ఉండిపోతుంది. చాలామంది ఆ పెద్ద అంకె చూసి పోసేస్తారు, లేదా లీటరు డబ్బా కొన్నాం కదా అని బోర్లించేస్తారు. మొదటి లెక్కకన్నా కాస్త తక్కువ పోసి, ఇంజిన్ ఆడించి, గేజ్ చూసి, మిగతాది కొద్దికొద్దిగా కలపండి. పొరపాటున ఎక్కువైతే సిరంజికి సన్న పైపు తగిలించి లాగేయొచ్చు.

[షాట్: హ్యాండిల్ మీద బ్రేక్ ఆయిల్ డబ్బా.]

దీన్ని బ్రేక్ ఆయిల్ అంటాం గానీ ఇది ఆయిల్ కాదు. ఆ పేరు చూసి ఇందులో ఇంజిన్ ఆయిల్ పోస్తే లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బిపోతాయి, బ్రేకు పడదు. మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో దాని రకం రాసి ఉంటుంది, అదే పోయాలి. హ్యాండిల్ తిప్పి ఈ డబ్బా సమంగా ఉండేలా చూసి లెవెల్ చదవండి.

లెవెల్ తగ్గితే వెంటనే పోయకండి, ముందు బ్రేక్ ప్యాడ్లు చూడండి. ప్యాడ్లు అరిగేకొద్దీ ఇది తగ్గుతుంది. అరిగిన ప్యాడ్ల మీద నిండా పోస్తే, కొత్తవి వేసిన రోజు బ్రేకులోని పిస్టన్ వెనక్కి నెట్టగానే పైకి పొంగుతుంది. పొంగితే ట్యాంకు మీద పెయింట్ లేచిపోతుంది, వెంటనే నీళ్లతో కడగాలి. ప్యాడ్లు బాగుండి కూడా తగ్గుతోందంటే ఎక్కడో కారుతోంది. ఆ బండి నడపొద్దు, మెకానిక్‌ని పిలవండి.

ఈ బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. సముద్రం దగ్గరున్న మనం రెండేళ్లకోసారి మార్చడం అస్సలు మరిచిపోకూడదు. సగం వాడి అటక మీద పెట్టిన పాత సీసా కూడా పనికిరాదు.

కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, ఉన్న బళ్లకి పక్క డబ్బాలో గీతలు చూస్తే చాలు. వేడి మీద రేడియేటర్ మూత తీయకండి, బోరు నీళ్లు పోయకండి.

[షాట్: ఇంజిన్ కింద అట్టముక్క.]

పనయ్యాక రాత్రికి ఇలా ఒక అట్ట పరిచి పెట్టండి. పొద్దున్న దాని మీద చుక్క పడి ఉంటే, అది డ్రెయిన్ బోల్టుకి సరిగ్గా కింద ఉందేమో చూడండి. అక్కడే ఉంటే వాషర్ మార్చాలి.