అచ్చు ఆగితే పరువు ఆగినట్టేనా? వరంగల్ స్టూడియో చర్చ

యాంకర్: నమస్కారం. హన్మకొండ నుంచి వచ్చే ఓ సైన్స్ పత్రిక అచ్చు ఆపేసి ఇకపై ఆన్‌లైన్‌లోనే వస్తానంటోంది. సంపాదకవర్గంలో ఇద్దరు రాజీనామా ఇచ్చారు. ఓరుగల్లు పరువుకు ఇది దెబ్బేనా? అందరికీ సమాన సమయం ఇస్తాను. ప్రొఫెసర్ గారూ...

రిటైర్డ్ ప్రొఫెసర్: దెబ్బ కాదమ్మా, గొడ్డలి పెట్టు. పత్రిక అంటే బీరువాలో ఉండాలి, తీసి చూపించాలి. కరెంటు పోతే మాయమయ్యేది పత్రికా?

లైబ్రేరియన్: కరెంటు పోతే ఏమీ కాదు సార్. డొమైన్, అదే వెబ్‌సైట్ పేరు, రెన్యువల్ మర్చిపోతే మాత్రం నిజంగానే మాయమవుతుంది. అందుకే...

ప్రొఫెసర్: చూశారా! మాయమవుతుందని మేడమే ఒప్పుకున్నారు.

లైబ్రేరియన్: పూర్తి చెయ్యనివ్వండి. ఓపెన్ జర్నల్ సిస్టమ్స్ అని కెనడా నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ ఉంది, ఉచితం. పరిశోధన పేపర్ పంపడం, నిపుణుల రివ్యూ, దిద్దుబాటు, ప్రచురణ అన్నీ అందులోనే. దాంతో నడిచే పత్రికల కాపీలు వేర్వేరు లైబ్రరీల సర్వర్లలో దాచే ఏర్పాటు కూడా ఉంది. కానీ సర్వర్ ఖర్చు మనదే, అప్‌డేట్లు చూసే మనిషి కావాలి. మన దగ్గర పీడీఎఫ్ ఎక్కించేసి ఆన్‌లైన్ అయిపోయిందంటారు. ఆన్‌లైన్‌కు వేరే ఐఎస్ఎస్ఎన్, అంటే పత్రిక గుర్తింపు నంబరు, తీసుకోవాలి. ఢిల్లీలో ఉచితంగానే ఇస్తారు. ఆ దరఖాస్తు పెట్టారా అని...

యాంకర్: అంటే ఓరుగల్లు పేరు ఏదో సర్వర్ చేతిలో ఉంటుందన్నమాట!

ప్రెస్ ఓనర్: అమ్మా, గిది ఎవలు చెప్పరు. పాత సంచికలన్నీ మా దగ్గర పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్ల, 'అను' అనే పాత తెలుగు ఫాంట్ల ఉన్నయ్. తెలుగు సారాంశం కాపీ చేసి నెట్ల పెడితే పిచ్చి గుర్తులు వస్తయ్. కన్వర్టర్ల ఏస్తే ఒత్తులు చెదురుతయ్. అన్ని కంప్యూటర్లల్ల కనవడే యూనికోడ్‌ల పెట్టి లైన్ లైన్ కూసోని ప్రూఫ్ చూడాలె. పైసలు ఎవలిస్తరు?

యాంకర్: ఒత్తులు పోతే తెలుగే పోయినట్టు కదా ప్రొఫెసర్ గారూ?

(ఇక్కడ ఆయన తెలుగు మీడియం గురించి చాలాసేపు మాట్లాడారు. పత్రిక ఊసు లేదు.)

స్కాలర్: సార్, నా పేపర్ పోయినేడు అచ్చయింది. మా గైడ్‌కు తప్ప ఎవరికీ దొరకలేదు. డీఓఐ, అంటే పేపర్‌కు శాశ్వత నంబరు, ఉంటే వెబ్‌సైట్ చిరునామా మారినా, ఆ నంబర్లు నమోదు చేసే క్రాస్‌రెఫ్‌లో కొత్త లింకు ఇస్తే చాలు, పేపర్ దొరుకుతుంది. దానికి ఏటా సభ్యత్వ రుసుము, పేపర్‌కు ఇంత అని ఉంటుంది గానీ...

ప్రొఫెసర్: నంబరు వేస్తే సైన్స్ అయిపోతుందా? 2019లో హైదరాబాద్ పత్రికల కంపెనీ ఒకటి 5 కోట్ల డాలర్లకు పైగా కట్టాలని అమెరికా కోర్టు చెప్పింది. అవీ ఆన్‌లైన్ పత్రికలే!

లైబ్రేరియన్: అది రచయితల దగ్గర డబ్బు గుంజి, రివ్యూ చేశామని మోసం చేసిన కేసు. రచయితా కట్టకుండా, పాఠకుడూ కట్టకుండా నడిపే పద్ధతి ఉంది. డైమండ్ ఓపెన్ యాక్సెస్ అంటారు. ఖర్చు సంస్థ భరించాలి.

ప్రొఫెసర్: ఢిల్లీ భరించాలి! వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్‌కు మూడేళ్లకు 6,000 కోట్లు ఇవ్వలేదా?

లైబ్రేరియన్: అది పెద్ద కంపెనీల పత్రికలు మనం చదువుకోవడానికి సార్. మన పత్రిక నడపడానికి కాదు.

స్కాలర్: 2025 ఫిబ్రవరిలో యూజీసీ తన కేర్ లిస్ట్, అంటే మంచి పత్రికల జాబితా, కూడా తీసేసింది. ఏది మంచి పత్రికో ఇప్పుడు కాలేజీలే తేల్చుకోవాలి. రివ్యూ ఎవరు చేశారు, ఎన్ని రోజులు పట్టింది...

ప్రొఫెసర్: అందుకే అచ్చు కావాలి! చేతిలో పుస్తకం ఉంటే ఎవడూ కాదనలేడు. మళ్లీ చెప్తున్నా, పుస్తకం ఉంటే...

ప్రెస్ ఓనర్: గంత లొల్లి ఎందుకు సార్? యాభై కాపీలు డిజిటల్ ప్రింట్ తీసుకోండ్రి, మిగిలింది నెట్ల పెట్టుండ్రి.

(నలుగురూ ఒకేసారి. "ఐఎస్ఎస్ఎన్" అన్న మాట రెండుసార్లు వినిపించింది.)

యాంకర్: సమయం లేదు. అయితే అచ్చు ఉంటేనే ఓరుగల్లుకు పరువని ప్యానెల్ తేల్చింది!

లైబ్రేరియన్: నేను అలా అనలేదు...

ప్రొఫెసర్: అన్నారు, మాయమవుతుందన్నారు.

యాంకర్: చిన్న విరామం. తర్వాత మిర్చి ధరలు.